నీళ్లు వదలని విమానం

మా షెడ్డు ముందు బోర్లించి, పైన టార్పాలిన్ కప్పి ఉన్న ఆ పొడుగాటి వస్తువు ఏంటని ఈ రెండేళ్లలో అడగని మనిషి లేడు. కరెంటు బిల్లు కొట్టే అబ్బాయి గొడ్ల తొట్టి అనుకున్నాడు. మా అత్తగారు చూడగానే "ఇదేందయ్యా శవాల పెట్టె తీరుగుంది, గుమ్మం ముందలికెళ్లి తీయించు" అన్నారు. అది విమానం అడుగుభాగం. మొత్తం విమానం కాదు, అడుగు మాత్రమే, రెక్కలు ఇంకా కాగితం మీదే ఉన్నాయి, ఇంజన్ నా బ్యాంకు అకౌంటుకు అందనంత దూరంలో ఉంది. అయినా ఈ అడుగు దగ్గరే నేను నేర్చుకున్నది ఎక్కువ కాబట్టి, అడిగిన వాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను.

నాకు హనుమకొండ దగ్గర లేతు షెడ్డు ఉంది. రైస్ మిల్లు షాఫ్టులు, బేరింగ్ హౌసింగులు, ట్రాక్టర్ పార్టులు, అదే మా బువ్వ. విమానాల పిచ్చి మాత్రం చిన్నప్పటిది. మామునూరు పక్కనుంచి బస్సులో పోయినప్పుడల్లా మా నాన్న "ఇక్కడ విమానాలు దిగేవిరా" అని చూపించేవాడు. నిజాం కాలంలో 1930లో కట్టిన ఎయిర్‌పోర్టు అది, 1981 తర్వాత మూతపడింది, మళ్లీ తెరవడానికి కేంద్రం 2025లో సరేనంది. ఊళ్లో రన్‌వే ఉండీ విమానం లేకుండా పెరిగిన వాడికి ఏదో ఒక రోజు ఒక ప్రశ్న వస్తుంది: రన్‌వే లేకపోతే పోయింది, చెరువులు ఉన్నాయి కదా? కాకతీయులు తవ్వించిన చెరువులకు మన దగ్గర కొదువ లేదు. పాకాల, రామప్ప, లక్నవరం పెద్దవి, ఇక పేరు కూడా తెలియని ఊరి చెరువులు ఎన్నో.

అలా వెతుకుతుంటే ఫ్రాన్స్‌లో క్లోడ్ టిస్సెరాండ్ అనే ఆయన చేసిన హైడ్రోప్లమ్ కనిపించింది. 1983లో ఎగిరిన ఒంటి సీటు బుల్లి విమానం. అడుగు పడవలా ఉంటుంది, కాబట్టి నీళ్ల మీద దిగుతుంది, చక్రాలు కిందికి దించితే నేల మీదా దిగుతుంది. ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలు. ప్రొపెల్లర్ ముందు కాదు, వెనక నుంచి తోస్తుంది. ఇంట్లో కట్టుకునే వాళ్ల కోసమే ఆయన దాన్ని గీశాడు. తర్వాత 1986లో రెండు సీట్లది వచ్చింది, అది పెట్రెల్ పేరుతో కిట్‌గా అమ్ముడుపోయింది, ఆ వంశమే బ్రెజిల్‌కు చేరి సూపర్ పెట్రెల్ అయ్యి ఇప్పటికీ తయారవుతోంది. ఒక మనిషి తన కోసం గీసుకున్న బొమ్మ సముద్రం దాటి ఫ్యాక్టరీ అయిందన్నమాట. నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు.

రెండు రెక్కలు పాత కాలం ఫ్యాషన్ అనుకునే వాళ్లకు ఒక లెక్క చెప్తాను. యంత్రం 150 కిలోలు, మనిషి 80, ఇరవై లీటర్ల పెట్రోలు 14 కిలోలు, మొత్తం సుమారు 250 కిలోలు అనుకుందాం. దీన్ని గంటకు 50 కిలోమీటర్ల దగ్గర గాల్లో నిలబెట్టాలంటే దాదాపు 14 చదరపు మీటర్ల రెక్క కావాలి. ఒకే రెక్క అయితే పది మీటర్ల పొడుగు, దాదాపు మీటరున్నర వెడల్పు. అదే రెండుగా చేస్తే ఒక్కోటి ఏడు మీటర్ల పొడుగు, మీటరు వెడల్పు చాలు. పైదానికీ కిందిదానికీ మధ్య కర్రలు, ఏటవాలుగా తీగలు బిగిస్తే అది పాత ఇంటి దూలాల చట్రంలాగ గట్టిపడుతుంది, అంత బలం తక్కువ బరువులో వేరే రకంగా రాదు. నష్టం లేకపోలేదు, రెండు రెక్కలు దగ్గరగా ఉంటే ఒకదాని గాలి ఇంకోదాన్ని చెడగొడుతుంది, తీగలు గాలికి అడ్డం పడతాయి, స్పీడు రాదు. మరి యాభై అరవైలో పోయే దానికి స్పీడెందుకు? పైగా చిన్న షెడ్డులో ఏడు మీటర్ల రెక్క పడుతుంది, పది మీటర్లది అడ్డంగా కూడా పట్టదు. నిజం చెప్పాలంటే నా నిర్ణయానికి అసలు కారణం ఇదే.

అమెరికాలో ఇలాంటి వాటికి 1982 నుంచి ఒక రూలు ఉంది. ఒక్క సీటు, ఖాళీ బరువు 254 పౌండ్లు, అంటే 115 కిలోల లోపు, పెట్రోలు 19 లీటర్ల లోపు, స్పీడు 55 నాట్ల (గంటకు సుమారు 100 కిలోమీటర్ల) లోపు, ఇలాంటి షరతులకు లోబడితే లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. నీళ్ల మీద దిగడానికి కింద బిగించే పడవల్లాంటి ఫ్లోట్ల బరువుకు విడిగా మినహాయింపు కూడా ఉంది. మన దగ్గర అట్లా కుదరదు. విమానాలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్, పర్మిట్ లేకుండా చెరువు మీదైనా రెండడుగులు లేవకూడదు. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టిన సంగతి పేపర్లలో చూసే ఉంటారు. వృత్తిరీత్యా పైలట్ అయిన ఆయనకే రిజిస్ట్రేషన్ 2017లో, ఎగరడానికి అనుమతి 2019లో వచ్చాయి. కాబట్టి మా ఇంట్లో ముందే ఒట్టు పెట్టించుకున్నారు, కాగితం రాకముందు గాల్లోకి లేవనని. సరే, గాలి వద్దు, నీళ్లతో మొదలుపెడదాం అనుకున్నాను. అదే ఈజీ అనుకున్నాను చూడండి, అక్కడే పడ్డాను.

కర్ర సంగతి ముందు. విదేశీ ప్లాన్లన్నీ స్ప్రూస్ కర్ర అంటాయి, అది మన దగ్గర దొరకదు. టేకు దొరుకుతుంది, గట్టిది, మంచిది, కానీ స్ప్రూస్ కంటే ఇంచుమించు సగానికి సగం ఎక్కువ బరువు. అప్పుడు మా వడ్లాయన, అంటే వడ్రంగి, "నిర్మల్ బొమ్మల కర్ర తెప్పియ్యి సార్, దూదిలెక్క ఉంటది" అన్నాడు. పొనికి కర్ర. ఆదిలాబాద్ అడవుల నుంచి వచ్చేది. చేతిలో పట్టుకుంటే నిజంగానే బరువు లేదు, ఆ పూట సంబరం ఇంతా అంతా కాదు. తర్వాత ఒక బద్ద చీల్చి, రెండు స్టూళ్ల మీద పెట్టి, మధ్యలో ఇటుకలు వేలాడదీసి చూశాం. నాలుగో ఇటుకకు టప్పున విరిగింది, అదే సైజు టేకు బద్ద కిందికి ఒంగింది తప్ప విరగలేదు. చెక్కడానికి మెత్తగా ఉండే గుణమే బొమ్మకు వరం, దూలానికి శాపం. పొనికిని పక్కన పెట్టి, టేకునే సన్నగా చీల్పించి, పైన మెరైన్ ప్లైవుడ్ వేశాం.

ఇటుకలంటే గుర్తొచ్చింది. రామప్ప గుడి గోపురం నీళ్లలో తేలే ఇటుకలతో కట్టారని మనందరికీ తెలుసు. గర్భగుడి మీది ఆ కట్టడాన్ని శాస్త్రంలో విమానం అంటారు. అంటే 1213 నాటికే పాలంపేటలో నీళ్ల మీద తేలే విమానం ఉంది, నాది రెండోది. ఈ జోకు నేను కనీసం యాభై మందికి చెప్పాను, మా ఆవిడ వినగానే లేచి లోపలికి పోతుంది.

సరే, తేలడం. 250 కిలోల వస్తువు తేలాలంటే 250 లీటర్ల నీళ్లను పక్కకు నెట్టాలి, డాబా మీది ఐదు వందల లీటర్ల ట్యాంకులో సగం, అంతే. ఎక్కడైనా చిల్లు పడ్డా మునగకుండా లోపల ఖాళీల్లో థర్మకోల్ కూరి, దాని మీద ఫైబర్ పూత వేయాలనుకున్నాం. ఊళ్లో ఫైబర్ పని చేసే షాపులో రెసిన్ డబ్బా తెచ్చాం. రాత్రి పూత పూసి ఇంటికి పోయాం. పొద్దున వచ్చి చూస్తే థర్మకోల్ లేదు! దిమ్మెలు ఉన్న చోట జిగట గుంటలు, షెడ్డంతా ముక్కు పగిలే వాసన. షాపువాళ్ల తప్పేం లేదు, వాళ్లు వాడేది పాలియెస్టర్ రెసిన్, అందులోని స్టైరీన్ థర్మకోల్‌ను నమిలి మింగేస్తుంది. పెట్రోలు కూడా అంతే చేస్తుంది, విమానంలో పెట్రోలు ఎక్కడెక్కడ కారుతుందో ఆలోచిస్తే అది ఇంకా భయం. ఎపాక్సీ అయితే ఏమీ కాదు, కాకపోతే ధర చూస్తే మనకే ఏదో అవుతుంది. చివరికి ఎపాక్సీయే కొన్నాం.

మొత్తానికి నాలుగు నెలలకు అడుగు తయారైంది. నాలుగు మీటర్ల పైచిలుకు పొడుగు, 45 కిలోలు. అందంగా చేయాలని ముక్కు నుంచి తోక దాకా ఒకే వంపుగా, చేప పొట్టలాగ నున్నగా తీశాం. మా వడ్లాయన దాన్ని నిమిరి నిమిరి చూసుకున్నాడు.

పరకాల వైపు మా అమ్మ వాళ్ల ఊరి చెరువులో పరీక్ష అనుకున్నాం. చేపల సొసైటీని అడగకుండా చెరువులో కాలు పెట్టకూడదు, అక్కడి పెద్దమనిషిని నేను చిన్నప్పటి నుంచి కాకా అనే పిలుస్తాను. ఆయన వచ్చి చుట్టూ తిరిగి చూసి, "పడవనారా ఇది, ఇమానమా?" అన్నాడు. రెండూ కాకా అన్నాను. "రెండు పడవల మీద కాళ్లు పెడితే పడతరని విన్న, నువ్వు ఒక్కదాంట్లనే రెండు కాళ్లు పెట్టినవ్" అని నవ్వి, సద్దుల బతుకమ్మ అయ్యేదాకా ఆగమన్నాడు. ఆగాం. పండగ తెల్లారి పోతే ఒడ్డంతా తంగేడు, గునుగు, బంతిపూలు తేలుతున్నాయి, వాటి మధ్యలోకి దించాం. తేలింది. ఒక్క చుక్క లోపలికి రాలేదు. అందరం చప్పట్లు కొట్టాం, కొబ్బరికాయ కూడా కొట్టాం.

తర్వాతది అసలు పరీక్ష. లోపల మనిషి బదులు ఇసుక బస్తాలు వేసి మొత్తం 250 కిలోలు చేశాం, తాడు కట్టి ట్రాక్టర్‌తో లాగుదామని. మొదట తెలివితక్కువగా ట్రాక్టర్‌ను కట్ట మీద నడిపాం, తాడు పక్కకు గుంజేసరికి పడవ తిన్నగా వచ్చి కట్ట రాళ్లకు గుద్దుకుంది, ముక్కు చెక్కుకుపోయింది. కాకా తిట్టాడు. అటువైపు శిఖం భూమి, అంటే చెరువు లోపలి నేల, ఎండి ఉంది, ట్రాక్టర్‌ను అక్కడ పెట్టి చెరువుకు దూరంగా నడిపితే పడవ సూటిగా ఒడ్డు వైపు వస్తుందని చెప్పింది కూడా ఆయనే. తాడుకూ పడవకూ మధ్యలో పత్తి తూచే వేలాడే కాంటా కట్టాం, ఎనుమాముల మార్కెట్లో తెలిసినాయన దగ్గర బదులు తెచ్చింది, దానికి ఎదురుగా ఫోను బిగించి వీడియో పెట్టాం. ఎంత స్పీడులో నీళ్లు ఎంత బలంగా పట్టి గుంజుతున్నాయో తెలియాలి కదా.

గంటకు పది కిలోమీటర్లకు బాగానే వచ్చింది. పదిహేనుకు ముక్కు లేచింది, తోక కూర్చుంది. ఇరవైకి కాంటా 70 కిలోలు దాటింది, ఇంకా పెరుగుతూనే ఉంది, పడవ పైకి లేవాల్సింది పోయి వెనక భాగం నీళ్లలోకి ఇంకా దిగబడింది, వెనక నీళ్లు గుట్టలా లేచి వస్తున్నాయి. డ్రైవర్ ఇంకా గేరు మార్చబోతే తాడు తెగింది. మళ్లీ కట్టాం, మళ్లీ అదే. నాలుగుసార్లు. నేను దిగాలుగా కూర్చుంటే కాకా ఒక మాట అన్నాడు: "అది బరువై ఆగుత లేదురా. నీళ్లే దాన్ని ఇడుస్త లేవు. మంచి పడవ అంటే గట్లనే ఉంటది."

నాకు ఇంటికొచ్చాక అర్థమైంది, అదీ గిన్నెలు తోముతుంటే. మీరూ చేసి చూడండి. గరిటెను కాడ చివర వదులుగా పట్టుకుని, దాని వెనక ఉబ్బెత్తు భాగాన్ని నల్లా ధారకు పక్కనుంచి మెల్లగా తాకించండి. ధార దాన్ని బయటికి నెడుతుందని అనుకుంటాం, కానీ లోపలికి లాక్కుంటుంది. ఉబ్బుగా ఉన్న వంపు వెంట నీళ్లు పారితే అవి ఆ వంపును వదలకుండా అంటుకుని దాన్ని తమ వైపు గుంజుతాయి. మా వడ్లాయన ప్రేమగా నున్నగా తీసిన చేప పొట్ట సరిగ్గా అదే పని చేస్తోంది, ఎంత స్పీడు పెరిగితే అంత గట్టిగా.

ఇది కొత్త సంగతేం కాదు, నేనే ముందు సరిగా చదవలేదు. 1912లో అమెరికాలో గ్లెన్ కర్టిస్‌కు అచ్చంగా ఇదే అయింది. అంతకు ముందు ఏడాదే ఆయన చక్రాలూ ఫ్లోటూ రెండూ ఉన్న బైప్లేన్ ఎగరేశాడు, నేల, నీరు, గాలి మూడింట్లో పోతుందని దానికి ట్రయాడ్ అని పేరు. కానీ పడవే ఒళ్లుగా ఉండే విమానం చేసేసరికి అది నీళ్లను వదలనంది. ఊరి పక్క క్యూకా సరస్సులో నానా తంటాలు పడి చివరికి అడుగున మధ్యలో ఒక మెట్టు పెట్టాడు. నిజంగా మెట్టే. ముక్కు నుంచి వచ్చే అడుగు సగం దూరం దాటాక ఒక్కసారిగా పైకి తెగిపోతుంది, అక్కడి నుంచి తోక దాకా కొంచెం ఎత్తులో ఉంటుంది. స్పీడుగా పోతున్నప్పుడు నీళ్లు ఆ అంచు దగ్గర తెగిపోతాయి, వెనక సందులోకి గాలి దూరుతుంది, పట్టు వదులుతుంది. అప్పటి నుంచి ఇప్పటి దాకా నీళ్ల మీది విమానాల్లో దాదాపు అన్నిటికీ ఆ మెట్టు ఉంది. 2024 నవంబర్ 9న విజయవాడ నుంచి శ్రీశైలం దాకా నడిపి చూపించిన సీప్లేన్ ఫొటోలు ఉంటే దాని ఫ్లోట్ల కింద చూడండి, కనిపిస్తుంది.

రెండో అడుగు చేశాం. ఈసారి అడుగున రెండు వాలుగా వీ ఆకారం, అంచులు పదునుగా, గుండ్రం ఎక్కడా లేదు, బరువు కేంద్రానికి కొంచెం వెనక మెట్టు. వడ్లాయనకు నచ్చలేదు, "గిది పనితనమా సార్, మధ్యల ఇరిగినట్టుంది" అన్నాడు. అదే చెరువు, అదే ట్రాక్టర్, అదే 250 కిలోలు, అదే కాంటా. పది, పదిహేను, ముక్కు లేచింది, కాంటా 60కి ఎక్కింది, నా గుండె కొట్టుకుంటోంది, ఇక మళ్లీ అదే కథ అనుకుంటుండగా ముక్కు దానంతట అదే కిందికి వంగింది, వెనక నీళ్ల గుట్ట చదునైంది, కాంటా 45కి పడిపోయింది, పడవ నీళ్ల మీద జారడం మొదలుపెట్టింది. స్పీడు పెరిగింది, గుంజుడు తగ్గింది! రెక్కలు కూడా ఉండి ఉంటే అవి బరువు మోస్తాయి కాబట్టి ఇంకా తగ్గాలి. యాభై హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ ఇంజన్‌కు ఇది పెద్ద బరువు కాదు. కాకపోతే ఒక బస్తా వెనక్కి జరపగానే కప్పలాగ ఎగిరెగిరి పడింది, ముక్కు పైకీ కిందికీ, ప్రతి గెంతూ ముందుదాని కంటే పెద్దది. బరువు ఒక జానెడు అటూ ఇటూ అయితే ఇంత తేడా వస్తుందని చదవడం వేరు, చూడడం వేరు.

మరి ఎప్పుడు ఎగురుతావు అని అడుగుతారు. ఊరి చెరువు మీద మాత్రం ఎగరను, పర్మిట్ వచ్చినా. మొన్నటి వీడియోలు మళ్లీ మళ్లీ చూస్తే చెరువు రన్‌వే కాదని అర్థమవుతుంది. ఒడ్డు చుట్టూ తాటిచెట్లు, బోరు మోటార్ల కరెంటు తీగలు, నీళ్లలో వలలు, గుర్రపుడెక్క. లక్నవరంలో వేలాడే వంతెనల తీగలు. పాకాల చుట్టూ అభయారణ్యం. భద్రకాళి చెరువునైతే 2024 చివర్లో పూడిక తీయడానికి ఖాళీయే చేశారు. ఇంకో చిత్రం ఏంటంటే, పొద్దున ఆరింటికి చెరువు అద్దంలాగ ఉన్నప్పుడు దిగడానికి ఎంత బాగుంటుందో అనిపిస్తుంది కదా, అదే అన్నిటికన్నా ప్రమాదం. అల లేకపోతే నీళ్లు ఎంత కింద ఉన్నాయో కంటికి తెలియదు, ఆకాశమే కింద కూడా కనిపిస్తుంది. అందుకే పైలట్లు అప్పుడు కంటిని నమ్మరు, ఇంజన్ కొంచెం నడుస్తుండగా నిమిషానికి నూట యాభై అడుగుల లెక్కన నెమ్మదిగా దిగుతూ నీళ్లు తగిలేదాకా అలాగే పట్టుకుంటారు. ఇక చక్రాలు పైకి లాగడం మర్చిపోయి నీళ్లలో దిగితే బోల్తానే. దిగేముందు ప్రతిసారీ "ఇది నీళ్లు, చక్రాలు పైన" అని గట్టిగా బయటికి అనుకునే అలవాటు ఉంటుందట. నేను స్కూటర్ స్టాండ్ తీయడమే మర్చిపోయే మనిషిని, ఆ లివర్ ఎదురుగా, ఎర్ర రంగుతో పెడతాను.

ఇప్పుడు రెక్కల బద్దలు మొదలయ్యాయి. వాటి మీద వేసే పాలియెస్టర్ బట్టను అతికించాక ఇస్త్రీ పెట్టెతో వేడి చేస్తే డప్పులాగ బిగుసుకుంటుంది, ఆ పని మాత్రం తానే చేస్తానని మా ఆవిడ అంది, నా ఇస్త్రీ మీద ఆమెకు నమ్మకం లేదు.

మొదటి అడుగు, ఆ నున్నటిది, కాకా దగ్గరే ఉంది. నిలకడగా ఉంటుంది, వల గుంజేటప్పుడు ఒరగదు, ఇద్దరు ఎక్కినా కదలదు, సొసైటీలో ఉన్న పడవలన్నిటికన్నా అదే మేలని అంటున్నాడు. మొన్న ఫోన్ చేసి రెండోది కూడా అడిగాడు. ఇయ్య కాకా, అన్నాను.